డెబ్బై దాటితే వయసే అర్హత



మీ ఇంట్లో డెబ్బై ఏళ్లు నిండిన వాళ్లెవరైనా ఉంటే, ఈ ప్రసంగం వింటూనే వాళ్ల ఆధార్ కార్డు ఒకసారి బయటికి తీయండి. పేరు కింద పుట్టిన తేదీ ఉంటుంది. దాని ప్రకారం డెబ్బై నిండి ఉంటే, ఏడాదికి ఐదు లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే ప్రభుత్వ బీమాకు వాళ్లు అర్హులు. రేషన్ కార్డు ఉందా లేదా అని ఎవరూ అడగరు. పొలం ఎన్నెకరాలు, కొడుకు జీతమెంత, ఇంటి ముందు కారుందా అని అడగరు. వయసొక్కటే అర్హత.

ఈ ఏర్పాటు 2024 అక్టోబరు 29న మొదలైంది. అంతకు ముందు నెలలో, సెప్టెంబరు 11న, కేంద్ర మంత్రివర్గం దీన్ని ఆమోదించింది. దేశం మొత్తం మీద నాలుగున్నర కోట్ల కుటుంబాల్లో ఉన్న ఆరు కోట్ల మంది పెద్దవాళ్లకు ఇది వర్తిస్తుందని ప్రభుత్వం అప్పుడు చెప్పింది. దీనికి ఇచ్చే కార్డు పేరు ఆయుష్మాన్ వయ వందన. అయినా నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లోనో, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరో పెద్దవాళ్లతో ఈ మాట ఎత్తితే, "మాకు ఆరోగ్యశ్రీ ఉంది గదా నాయనా, మళ్లా ఇదేంది?" అనే ప్రశ్నే ముందు వస్తుంది.

సబబైన ప్రశ్నే. జవాబు కోసం కొంచెం వెనక్కి పోవాలి.

2007కు ముందు మన సీమలో పేదవాడికి గుండె జబ్బో క్యాన్సరో వస్తే మూడు దారులుండేవి. పొలం అమ్మాలి, లేదంటే వడ్డీకి తేవాలి, అదీ కుదరకపోతే ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం రాయించుకుని హైదరాబాదు పోయి ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవాలి. కుప్పలుగా వచ్చి పడిన ఆ అర్జీలే ఆరోగ్యశ్రీ పుట్టుకకు కారణమయ్యాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 2007 ఏప్రిల్ 1న, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ పథకం మొదలైంది. 2008 జూలై నాటికి అప్పటి మన కర్నూలు జిల్లాతో సహా రాష్ట్రమంతా విస్తరించింది. తర్వాత ప్రభుత్వాలతో పాటు పేరూ మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, తిరిగి ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పేరు మారినప్పుడల్లా పెద్దవాళ్లు కంగారు పడి, పాత కార్డు చెల్లదేమో, పథకం ఎత్తేశారేమో అనుకున్నారు. పథకం ఎక్కడికీ పోలేదు. ఒకప్పుడు రెండు లక్షలున్న పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగింది. చికిత్సల జాబితా 3,257కు చేరింది.

ఇక కేంద్రం వైపు నుంచి ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైంది. అది కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షలు. మన రాష్ట్రంలో ఈ రెండింటినీ కలిపి నడిపేది ఒకే ట్రస్టు. అందుకే ఆసుపత్రిలో మీకు రెండు వేర్వేరు కిటికీలు కనిపించవు.

మరి కొత్తగా వచ్చిందేమిటి? నా దృష్టిలో చాలా పెద్ద మార్పే వచ్చింది. ఇంతకాలం ఈ పథకాలన్నీ కుటుంబాన్ని చూసి అర్హత తేల్చేవి. ఆరోగ్యశ్రీ చాలా ఏళ్లు తెల్ల రేషన్ కార్డుతోనే ముడిపడి నడిచింది. కొడుకు కార్డులో తల్లి పేరుంటే తల్లికి వైద్యం. కొడుక్కి మంచి ఉద్యోగం వచ్చి కార్డు పోతే తల్లి అర్హతకూ చిక్కొచ్చేది. ఆ కొడుకు బెంగళూరులో ఉంటాడు, నెలనెలా పంపుతాడో లేదో ఆ ఇంటివాళ్లకే తెలుసు. కాగితం మీద మాత్రం ఆమె సంపన్నురాలు. సిరివెళ్లలోనో చాగలమర్రిలోనో పాత ఇంట్లో ఒంటరిగా బతుకుతున్న ఆ సంపన్నురాలికి బీపీ మాత్రలకు కూడా లెక్క చూసుకోవాల్సిన పరిస్థితి. వయ వందన కార్డు ఆ ముడిని తెంచింది. ఆ కార్డు ఆమె పేరు మీద, ఆమె వయసును బట్టి వస్తుంది. కొడుకు సంపాదనతో దానికి సంబంధం లేదు.

పేద కుటుంబాల్లో పెద్దలకు కూడా దీనివల్ల అదనపు మేలుంది. కుటుంబం ఇప్పటికే ఆయుష్మాన్ భారత్ కింద ఉంటే, ఆ ఇంట్లో డెబ్బై దాటినవారికి పై నుంచి మరో ఐదు లక్షలు వేరుగా ఉంటాయి. మనవడి ఆపరేషన్‌కు ఆ డబ్బు వాడరు, కోడలి వైద్యానికి వాడరు. అది పెద్దవాళ్లకే. అయితే భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవారైతే ఆ ఐదు లక్షలు ఇద్దరికీ కలిపి అని గుర్తుంచుకోండి.

ఇక ఆధార్‌లో వయసు సంగతి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసున్న వాళ్లు పుట్టినప్పుడు జనన ధ్రువపత్రాలు ఎక్కడివి? "కుందూకు పెద్ద వరదొచ్చిన ఏడు", "పెద్దన్న పెండ్లైన ఏడు" అని గుర్తులే తప్ప తేదీలు లేవు. ఆధార్ నమోదు చేసేటప్పుడు నోటితో చెప్పిన వయసును బట్టి సంవత్సరం లెక్కగట్టి, జనవరి ఒకటో తేదీ వేశారు. ఊళ్లో ముసలివాళ్లలో ఇంతమంది జనవరి ఒకటిన పుట్టడానికి కారణం అదే. ఆ రోజు నోటికొచ్చిన అంకె ఇప్పుడు బీమా వయసైపోయింది. నిజానికి డెబ్బై రెండేళ్లున్న మనిషి కార్డులో అరవై ఎనిమిదేళ్ల వాడైతే ఇంకో రెండేళ్లు ఆగాల్సి వస్తుంది.

పుట్టిన తేదీ సరిచేయించుకునే వీలుంది గానీ, ఆధార్‌లో ఆ మార్పుకు ఒక్కసారే అవకాశం ఇస్తారు, దానికి ఆధారం చూపించాలి. పాత స్కూలు సర్టిఫికెట్, పాస్‌పోర్టు, రిటైరైన ఉద్యోగులైతే పెన్షన్ ఆర్డరు లాంటివి పనికొస్తాయి. ఆధారం చేతిలో ఉంటేనే వెళ్లండి. లేకపోతే ఎవరో డబ్బు తీసుకుని మార్పిస్తామంటే నమ్మొద్దు. దొంగ కాగితంతో మార్చిన వయసు రేపు పెన్షన్‌కు, పట్టాదారు పాసు పుస్తకానికి, అన్నింటికీ అడ్డం తగులుతుంది. ఆధార్ విషయంలో ఏ సందేహం వచ్చినా 1947 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

వేలిముద్ర మరో సమస్య. ఆళ్లగడ్డ శిల్పులకు దేశమంతా పేరుంది. ఏళ్ల తరబడి ఉలీ సుత్తీ పట్టి రాయి చెక్కిన ఆ చేతుల్లో వేలి గీతలు ఎక్కడ మిగులుతాయి? వరి నాట్లేసిన, పత్తి తీసిన ఆడవాళ్ల వేళ్లూ అంతే. యంత్రం మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది, పెద్దాయన తన తప్పేదో ఉన్నట్టు తల వంచుకుని వెనక్కి వస్తాడు. అలా రావాల్సిన పని లేదు. ఆయుష్మాన్ నమోదులో వేలిముద్ర ఒక్కటే మార్గం కాదు. ఆధార్‌కు జతచేసిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో చేయొచ్చు, కంటిపాపతో చేయొచ్చు, ముఖాన్ని ఫోన్ కెమెరాకు చూపించి కూడా చేయొచ్చు. "వేలిముద్ర పడలేదు, రేపు రా" అని ఎవరైనా అంటే, "ముఖంతో చేయండి నాయనా" అని అడగండి. అది మీ హక్కు.

నమోదుకు కావలసింది ఆధార్ ఒక్కటే. ఇంట్లో మనవడో మనవరాలో ఉంటే ఆయుష్మాన్ యాప్ దించుకుని, అందులో డెబ్బై దాటిన వారి నమోదు అనే చోట ఆధార్ నంబరు కొట్టి, ఫోటో తీసి పూర్తి చేయగలరు. ఫోన్ చేతకాని ఇళ్లలో ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎమ్మును, లేదంటే సచివాలయంలో అడగండి. పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనూ నమోదు చేస్తారు. నమోదుకు రుసుము లేదు. ఫోన్ చేసి "మీ కార్డు రద్దవుతోంది, ఓటీపీ చెప్పండి" అనేవాళ్లకు మాత్రం నోరు విప్పకండి. ఓటీపీ మీ ఎదురుగా కూర్చుని నమోదు చేస్తున్న మనిషికి చెప్పాల్సిందే తప్ప, ఫోన్‌లో మాట్లాడే గొంతుకు కాదు.

మాజీ సైనికులకు, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఒక మాట. మీకు ఇప్పటికే ఈసీహెచ్ఎస్, సీజీహెచ్ఎస్ ఉంటాయి. వాటిలో కొనసాగడమా, ఆయుష్మాన్‌లోకి మారడమా అనేది ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఆ రెండింటిలో రోజువారీ ఓపీ చూపించుకోవడం, నెల మందులు కూడా ఉన్నాయి. ఆయుష్మాన్‌లో లేవు. అందుకని వాటిని వదులుకోవద్దని నా సలహా. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఎంపిక బాధ లేదు, అదీ ఇదీ రెండూ ఉంచుకోవచ్చు.

కార్డు చేతికొచ్చాక ఇంక అంతా అయిపోయిందని చాలామంది అనుకుంటారు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాస్తారు. ఆపద అర్ధరాత్రి వస్తుంది. అప్పుడు ఏ ఆసుపత్రికి పోవాలో, ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. అందుకని ఒక సందర్భం ఊహించి చూద్దాం.

రుద్రవరం వైపు ఒక పల్లె. డెబ్బై నాలుగేళ్ల రైతు తెల్లవారుజామున దొడ్లోకి వెళ్తూ జారి పడ్డాడు. లేవలేకపోతున్నాడు, ఒక కాలు పొట్టిగా, పక్కకు తిరిగినట్టు ఉంది. పెద్ద వయసులో ఇలా పడితే తుంటి ఎముక విరిగి ఉండే అవకాశం ఎక్కువ. మన సీమలో వెంటనే వచ్చే మాట పుత్తూరు కట్టు. ఆ కట్టు మీద మన జనానికి తరాల నమ్మకముంది, నేను దాన్ని చులకన చేయను. కానీ తుంటి విరిగిన పెద్దమనిషిని కట్టు కట్టి మంచంలో పడుకోబెడితే, నెలల తరబడి కదలిక లేక వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. చాలామంది విరిగిన ఎముక వల్ల కాక ఆ మంచం వల్ల పోతారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి, వీలైనంత త్వరగా లేపి నిలబెట్టాలన్నది ఈనాటి వైద్యం చెప్పే మాట.

కాబట్టి ముందు 108. ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రాథమిక చికిత్స జరుగుతుంది. అక్కడి నుంచి జాతీయ రహదారి మీద నంద్యాల నలభై కిలోమీటర్ల దూరం. నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయ్యాక పాత జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. ఒకప్పుడు ఇలాంటి కేసుకు కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చేది, అంటే నంద్యాల నుంచి ఇంకో డెబ్బై కిలోమీటర్లు. పథకం జాబితాలో ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉంటాయి. కానీ జాబితాలో ఉన్న ప్రతి ఆసుపత్రిలో ప్రతి విభాగానికీ అనుమతి ఉండదు. ఒకచోట గుండెకు ఉంటుంది, ఎముకలకు ఉండదు. అందుకే అంబులెన్సు కదిలే ముందు 104కు ఫోన్ చేసి, "ఎముకల విభాగానికి వైద్య సేవ ఎక్కడుంది?" అని అడగండి.

ఆసుపత్రికి చేరాక మీరు వెతకాల్సిన మనిషి వైద్య మిత్ర. పాత పేరు ఆరోగ్య మిత్ర. ముందు భాగంలోనే వాళ్ల బల్ల ఉంటుంది. కార్డు, ఆధార్ ఆమెకో అతనికో చూపించండి. డాక్టరు పరీక్షలు చేయించి ఫలానా ఆపరేషన్ అవసరమని రాస్తాడు, ఆసుపత్రి ఆ వివరాలు కంప్యూటర్‌లో ట్రస్టుకు పంపుతుంది, అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు. ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది. "అనుమతి వచ్చేదాకా ఏమీ చేయలేం" అన్నప్పుడు ఆ సంగతి గుర్తుచేయండి.

ప్యాకేజీ అనే మాట ఆసుపత్రిలో పదే పదే వినిపిస్తుంది. ఆ ఒక్క ఆపరేషన్‌కు ప్రభుత్వం నిర్ణయించి ఆసుపత్రికి చెల్లించే మొత్తం అది. మంచం, డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, ఎముకలో పెట్టే రాడ్డు, రోగి భోజనం, అన్నీ అందులోనే. ఆయుష్మాన్ కింద అయితే చేరడానికి ముందు మూడు రోజుల పరీక్షల ఖర్చు, ఇంటికి వచ్చాక పదిహేను రోజుల మందులు కూడా కలిసి ఉంటాయి. ఆ తర్వాత కూడా "మంచి కంపెనీ రాడ్డు కావాలంటే పైన ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే, ఆ మొత్తం ఎందుకో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని మర్యాదగా అడగండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అక్కడే నిలబడి 104కు గానీ 14555కు గానీ ఫోన్ చేయండి. గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. ఆ ఫోన్ చేసే హక్కు పథకంలోనే ఉంది.

ఇంకో భయం కూడా పోగొట్టాలి. "ఆయనకు పదేళ్లుగా షుగరుంది, ముందే ఉన్న జబ్బులకు బీమా ఇవ్వరంట" అనేది ప్రైవేటు పాలసీల వల్ల వచ్చిన భయం. ఆయుష్మాన్‌లోనూ వైద్య సేవలోనూ అలాంటి నిరీక్షణ కాలం లేదు. కార్డు వచ్చిన రోజు నుంచే పాత జబ్బులకూ వర్తిస్తుంది.

ఇంతవరకు చెప్పిందంతా ఆసుపత్రిలో చేరినప్పటి మాట. ఇక్కడ నేను మొహమాటం లేకుండా ఒకటి చెప్పాలి. ఈ పథకాల్లో పెద్ద లోటు, చేరకుండా చూపించుకునే వైద్యానికి డబ్బు రాకపోవడం. 2017-18లో లాసీ అనే సర్వే దేశవ్యాప్తంగా జరిగింది. అరవై దాటిన ప్రతి నలుగురిలో ముగ్గురికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని అది తేల్చింది. అంటే ముసలితనంలో వైద్యం ఖర్చు ప్రధానంగా ఆపరేషన్ల ఖర్చు కాదు. నెలనెలా బీపీ మాత్ర, షుగరు మాత్ర, ఆయాసానికి పీల్చే మందు, కీళ్ల నొప్పులకు పూత మందు. పెన్షన్ నాలుగు వేలు ఒకటో తేదీన వస్తుంది. మందుల షాపు బాకీ, పాల బాకీ పోను పదో తేదీకి ఎంత మిగులుతుందో పెద్దవాళ్లను అడగండి. డబ్బు చాలక మాత్రను సగానికి విరిచి వేసుకునే వాళ్లు, రోజు మార్చి రోజు మింగే వాళ్లు మన మధ్యనే ఉన్నారు. మాత్రల్లో మిగిలిన ఆ కాస్త డబ్బే తర్వాత పక్షవాతమై, కిడ్నీ జబ్బై ఆసుపత్రి మెట్లెక్కిస్తుంది. అప్పుడు ప్రభుత్వం లక్షలు కడుతుంది. మాత్ర దగ్గరే ఆదుకుంటే ఆ మనిషికి కాలూ చేయీ మిగిలేవి. ఓపీ వైద్యాన్నీ మందులనూ పెద్దవాళ్ల బీమాలో కలపాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అదయ్యేలోగా దారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. బీపీ, షుగరు పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. 104 వాహనం ఊరికి వచ్చే రోజు ఏదో ఏఎన్ఎమ్మును అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఒకవేళ బయట కొనాల్సి వస్తే, జన ఔషధి దుకాణంలో అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది. డాక్టరు రాసిన చీటీ చూపించి, అదే మందు అవునో కాదో అడిగి తీసుకోండి.

మరో లోటు నెట్‌వర్క్ ఆసుపత్రులకు రావలసిన బకాయిలు. ప్రభుత్వం ఏదైనా, బిల్లులు నెలల తరబడి ఆగిపోవడం, ఆసుపత్రులు సేవలు నిలిపేస్తున్నామని ప్రకటించడం మన రాష్ట్రంలో పలుమార్లు జరిగింది. చర్చలు జరిగి మళ్లీ తలుపులు తెరుచుకుంటాయి. కానీ ఆ నడుమ రోజుల్లో డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు పోవాల్సిన మనిషికి చర్చలు అక్కరకు రావు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ చెల్లించాలి, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు భరించాలి, ఆదాయంతో పని లేకుండా కోటీ 63 లక్షల కుటుంబాలకు వర్తించాలి అన్నది ఆ నిర్ణయం. కంపెనీ వచ్చినా ట్రస్టు ఉన్నా, రోగి పడక దగ్గర చూడాల్సింది ఒక్కటే: అనుమతి ఎన్ని గంటల్లో వచ్చింది, జేబులోంచి ఎంత పోయింది.

వయసును బట్టి వైద్య బీమా ఇవ్వడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. అమెరికాలో 1965లో మెడికేర్ చట్టం వచ్చింది, అక్కడ అరవై ఐదేళ్లు అర్హత. ఆ చట్టం మీద సంతకం జరిగిన రోజు మొదటి కార్డు తీసుకున్నది మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్. మాజీ అధ్యక్షుడూ, మామూలు కార్మికుడూ అదే పథకంలో అన్నమాట. మన దగ్గర ఆ పని డెబ్బై దగ్గర మొదలైంది. అరవై నుంచి డెబ్బై మధ్య ఉన్నవాళ్లకు, వైద్య సేవ పరిధిలోకి రాకపోతే, ఇంకా ప్రైవేటు పాలసీయే గతి. ఆ పాలసీల విషయంలో రెండు మేళ్లు జరిగాయి. అరవై ఐదు దాటితే కొత్త పాలసీ నిరాకరించడానికి కంపెనీలకు వీలిచ్చిన పాత పరిమితిని బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి తీసేసింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పోయింది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి, పిల్లల దగ్గరికి డల్లాసుకో న్యూజెర్సీకో వెళ్లే తల్లిదండ్రులకు చెబుతున్నాను. విజిటర్ వీసా మీద వెళ్లినవారికి అక్కడి మెడికేర్ వర్తించదు, ఇక్కడి వయ వందన కార్డు అక్కడ చెల్లదు. బయలుదేరే ముందే ప్రయాణ బీమా తీసుకోవాలి, అందులో పాత జబ్బుల గురించి ఏం రాశారో పిల్లల చేత చదివించుకోవాలి. దేశం లోపల మాత్రం బెంగ లేదు. ఆధార్‌లో చిరునామా నంద్యాలదైనా, వేరే ఊళ్లో ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. 14555కు ఫోన్ చేసి ఆ ఆసుపత్రి, ఆ విభాగం జాబితాలో ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లండి.

చివరిగా మన ఇళ్లలోని ఆడవాళ్ల గురించి. తండ్రికి ఛాతీలో నొప్పి వస్తే ఊరంతా కదులుతుంది. తల్లికి కంట్లో శుక్లం వస్తే, "వయసైపోయింది గదా, కనపడ్డం తగ్గుతాది లే" అంటారు. ఆమే అంటుంది, "నాకెందుకు నాయనా, ఇంకెన్నాళ్లు బతుకుతా, పిల్లోల్ల చదువులకు ఉంచండి" అని. ఆ మాటను త్యాగమని మెచ్చుకుంటూ వచ్చాం. అది త్యాగం కాదు, ఖర్చు భయం. శుక్లం ఆపరేషన్ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు, ఆయుష్మాన్ జాబితాలోనూ ఉంది. చాలా వరకు అదే రోజు ఇంటికి రావచ్చు. చూపు సరిగా లేని ముసలమ్మ గడప కనిపించక పడుతుంది, తుంటి విరుగుతుంది, ఇందాక చెప్పిన ఆ రైతు మంచమే ఆమెకూ వస్తుంది. కంటి దగ్గర ఆపగలిగింది కాలి దాకా రానిస్తున్నాం. ఇప్పుడు కార్డు ఆమె పేరు మీదే ఉంది. డబ్బు పిల్లల చదువులోంచి పోదు, కొడుకు జేబులోంచి పోదు. ఈ సంగతి ఆమెకు నేరుగా, ఆమె పక్కన కూర్చుని చెప్పండి. కార్డు ఆమె పెట్టెలోనే ఉంచండి. అందులో ఎంత డబ్బుంది, ఎక్కడ పనికొస్తుంది, ఎవరిని అడగాలి అనేది ఆమెకే తెలిసి ఉండాలి.

రాసుకునేవాళ్ల కోసం నంబర్లు మళ్లీ చెబుతున్నాను. అంబులెన్సుకు 108. ఎన్టీఆర్ వైద్య సేవకు, ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉందో తెలుసుకోవడానికి 104. ఆయుష్మాన్ భారత్‌కు, వయ వందన కార్డుకు 14555. ఆధార్‌కు 1947. ఫోన్‌లో పని కాకపోతే, సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆసుపత్రి పేరు, తేదీ, అడిగిన డబ్బు, మీ కార్డు నంబరు ఆ కాగితంలో ఉండాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు.